అంగట్లోని అరటిపండ్లు

అలిపిరి డిపోలో బ్రేకులు చూసేవాణ్ణి నేను.
గుంతలో దిగి, తల పైకెత్తి
కొండబస్సుల కడుపులు చూస్తా.
ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు మా కొండకి,
ఎదురొచ్చేవాడు ఉండడు.
దారి ఒక్కటేనంటే నాకు దడుపు లేదు,
వంపుల్లో అదే బతికిస్తుంది.

ఆదివారం జీవకోన రేకుల షెడ్డులో
పాస్టరయ్య చెప్పేదీ అదే.
ఒక్కటే వాకిలి, ఒక్కటే పేరు,
పక్కన సందు లేదు, వెనక దొడ్డిదారి లేదు.
ఆయన్ని తిట్టబోకండి.
కరోనా నాడు మొగిలప్ప ఇంటికి
బియ్యం మూట భుజాన మోసింది ఆయనే.
మునిగేవాడి ముందర తాడు ఒక్కటే ఉంటే
ఒక్కటే ఉందని అరవాల్నా, మర్యాదకి ఊరుకోవాల్నా అంటాడు.
నేనూ సారాయి నుంచి ఆ తాడు పట్టుకునే పైకొచ్చినోణ్ణి.
అరచేతుల్లో దాని ఒరుపు ఇంకా ఉంది.

మొగిలప్ప డ్రైవరు.
స్టీరింగుకి పసుపుదారం,
ముందు టైర్ల కింద నిమ్మకాయలు,
బస్సు కదిలేముందు అద్దంలోకి ఒక దండం.
గుంతలో నా ప్రార్థన, పైన ఆయన గోవిందా,
నడుమ ఒక ఇనుపరేకు.
"ఇద్దరం చెప్పుకున్నాం కదా ఎలీషా,
ఇంక బ్రేకు పడకపోతే తప్పు నీదే"
అని నవ్వేవాడు.

మొదటిసారి లడ్డు తెచ్చినప్పుడు
చెయ్యి వెనక్కి తీసుకున్నా.
"దేవుళ్ళకి పెట్టింది మేం తినకూడదన్నా."
కొత్తగా నమ్మినోణ్ణి,
గొంతు ఉండాల్సిన దానికన్నా గట్టిగా వచ్చింది.
ఆయనేమీ అనలేదు.
కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
ఆ ఖాకీ మీద నెయ్యి మరక
ఎన్ని ఉతుకులకీ పోలేదు.

మర్నాడు అరడజను అరటిపండ్లు.
"యాడా చూపించలేదబ్బా, ఎవరికీ పెట్టలేదు.
బస్టాండు ఎదురు అంగట్లోనివి, నేరుగా నీకే."
పద్నాలుగేండ్లు.
తాను సెలవులో ఉంటే
కండక్టరు చేత పంపేవాడు,
ఆ మాట కూడా చెప్పి పంపేవాడు.

రుయా ఆస్పత్రిలో, గొట్టాల నడుమ పండుకొని
ఒకసారి అడిగినాడు, తమాషాకే:
"మీ ఊర్లో మాబోటోళ్ళకి చోటుంటుందా?
సీటు వద్దులే. ఫుట్‌బోర్డు చాలు."

చెప్పాల్సింది నాకు తెలుసు.
పద్నాలుగేండ్లు నేర్చుకున్నదంతా
నాలిక చివర దాకా వచ్చి నిలబడింది.
దుప్పటి సర్దినా.
ఫ్యాను పెంచమంటావా అన్నా.

అది ప్రేమో, పిరికితనమో.
తాడు చేతిలో ఉన్నోడు
ఫ్యాను సంగతి మాట్లాడతాడా?
లేదంటే తాడు నాది కానే కాదా,
విసిరే చెయ్యి వేరే ఉందా,
అది నన్నడిగి విసరదా?
రాత్రుళ్ళు ఈ నట్టునే బిగిస్తా, వదులుచేస్తా.
మరుసటి నెల ఆ మంచం మీద
వేరే ఎవరో.

దినాల నాడు పోయినా.
తినకుండా ఎట్లా బయటపడాలో
తోవంతా లెక్కేసుకుంటూ పోయినా.
లోపల పటం ముందర ఆకు వేసి
ఆయనకిష్టమైనవన్నీ పెట్టినారు,
అలసంద వడలు, పాయసం, ఒక బీడీ కట్ట కూడా.
నేను చెప్పుల కాడే నిలబడినా.

చెంగమ్మక్క పెరటివైపు రమ్మని సైగ చేసింది.
తొట్టి పక్కన, మూత పెట్టిన స్టీలు గిన్నె.
"పొద్దున్నే తీసిపెట్టినా అబ్బోడా,
ఆయనకి పెట్టకముందే.
దీన్ని ఎవరికీ చూపించలేదు."

చల్లారిపోయిన అన్నం, గుమ్మడికాయ పులుసు.
గోడకి ఆనుకొని కూర్చున్నా.
ఆమె ఎదురుగా కూర్చొని
కొంగుతో ఈగలు తోలతా ఉంది.
ముద్ద నోటి దాకా పోయింది.

"కండ్లు మూసుకొని ఏదో అనుకుంటావు కదా
తినేముందు," అంది.
"మర్చిపోయినావు."